అడిగేవాడికి చెప్పేవాడు లోకువా?

ఈ వారం నా బల్లమీద మూడు ఉత్తరాలున్నాయి. ఒకటి జనగామ నుంచి, ఒకటి మహబూబాబాదు నుంచి, మూడవది భూపాలపల్లి నుంచి. ఉత్తరాలు రాసిన ముగ్గురూ ఒకరినొకరు ఎరుగరు. కాని మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే ఇంటినుంచి వచ్చినట్టు తోచింది. ముగ్గురూ బి.ఎడ్. పాసైనవారే. ముగ్గురూ పంతులు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లివచ్చినవారే. ముగ్గురినీ ఏదో ఒక తిరకాసు ప్రశ్న అడిగారు. ముగ్గురూ ఆ రాత్రి నిద్రపట్టక, "అట్లా అనకుండా ఇట్లా అని ఉంటే ఎంత బాగుండేది!" అని మథనపడ్డవారే.

ఈ బాధ నాకు కొత్తది కాదు. ఇరవై ఏళ్లకిందట నేనూ పడ్డాను. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఎప్పుడూ బస్సెక్కిన తరువాతే తడుతుంది. అందులోనూ కిటికీ పక్కన సీటు దొరికితే మరీ మంచి జవాబు తడుతుంది. ఏం లాభం? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్క మొరిగినట్టే.

ముందుగా ఒక్క మాట. మన రాష్ట్రంలో సర్కారు బడి పంతులు ఉద్యోగానికి ఇంటర్వ్యూ లేదు. 2024లో జరిగిన డి.ఎస్.సి.నే చూడండి. 11,062 పోస్టులకు ప్రకటన వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా పరీక్షలు జరిగాయి. పరీక్షకు 80 మార్కులు, టెట్‌లో వచ్చినదానికి 20 మార్కుల వెయిటేజీ, అంతే లెక్క. ఎదుట కూర్చుని "నీ పేరేమిటి?" అని అడిగేవాడు లేడు. కాని ప్రైవేటు బడులున్నాయి, ప్రైవేటు కాలేజీలున్నాయి, ఏడాదికేడాది తీసుకునే గెస్టు ఉద్యోగాలున్నాయి. గురుకులాల్లో లెక్చరర్ల కోసం 2023లో ప్రకటన వచ్చినప్పుడు మూడు పేపర్ల పరీక్షతో పాటు పాఠం చెప్పి చూపించే పరీక్షా పెట్టారు. డి.ఎస్.సి. రాసేవారిలో చాలామంది అది వచ్చేదాకా పొట్టపోసుకునేది ఈ చిన్న కొలువులతోనే. కనుక ఇంటర్వ్యూ గది గడప తొక్కక తప్పదు.

ఇక ఉత్తరాలకు వద్దాం.

జనగామ సోదరుడు తెలుగు ఎం.ఏ. ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాడు. కమిటీలో ముగ్గురున్నారు. మొదటి రెండు ప్రశ్నలూ సాఫీగా జరిగాయి. మూడో ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "పోతన ఏ ఊరివాడండీ?" అన్నాడు. మనవాడికి ప్రాణం లేచివచ్చింది. "బమ్మెర సార్! మా పాలకుర్తి మండలమే. మా ఊరికి ఎంతో దూరం లేదు" అన్నాడు ఉత్సాహంగా. ఆయన నవ్వి, "ఒంటిమిట్ట కాదూ?" అన్నాడు. మనవాడు గతుక్కుమన్నాడు. ఆయన కడప వైపువాడేమోనని అనుమానం వచ్చింది. వెంటనే, "అవును సార్, ఒంటిమిట్టే" అన్నాడు. ఆయన మళ్లీ నవ్వి, "మరి బమ్మెర అన్నారే?" అన్నాడు. మనవాడు, "రెండూ సార్" అన్నాడు. ఆ తరువాత ఏమన్నాడో తనకే గుర్తులేదట. "సార్, నేను చేసిన తప్పు ఏమిటి? బమ్మెర అనడమా, ఒంటిమిట్ట అనడమా?" అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, రెండూ కాదు. ఒకదాన్ని విడిచి ఇంకోదాన్ని పట్టుకోవడమే తప్పు.

పోతన ఊరిమీద తగవు ఈనాటిది కాదు. భాగవతంలో ఏకశిలానగరమన్న మాట ఉంది. ఓరుగల్లువారు, "ఒరు కల్లు అంటే ఒంటి రాయి, అదే ఏకశిల, కనుక పోతన మావాడే" అంటారు. కడప సీమవారు, "ఒంటి మిట్ట అన్నా అదే అర్థం, కోదండరాముడి గుడి ఇక్కడే ఉంది, పోతన రామభక్తుడు, కనుక మావాడే" అంటారు. బమ్మెర అనే ఇంటిపేరు ఉంది, ఆ పేరుతో ఊరూ ఉంది, అది మన పక్కన ఉందని మనవారు చూపిస్తారు. రాచకొండ సింగభూపాలుడితో పోతనకు ముడిపడ్డ కథ కూడా ఇటు తెలంగాణ నేలకే చెందుతుందని అంటారు. అటు 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాన్ని అధికారికంగా ఒంటిమిట్టలోనే జరిపిస్తోంది. అక్కడివారి అభిమానం అటువంటిది. పండితులు పుస్తకాలకు పుస్తకాలు రాసి వాదించుకున్నారు.

ఆ కళ్లద్దాల పెద్దమనిషికి ఇదంతా తెలియదనుకున్నావా? తెలుసు. తెలిసే అడిగాడు. ఆయనకు కావలసింది పోతన చిరునామా కాదు. రేపు తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "సార్, మా గైడులో ఇంకోలా ఉంది" అంటే ఈ పంతులు ఏం చేస్తాడు? వాణ్ణి కసురుకుంటాడా? లేక తన మాట తానే మింగేస్తాడా? రెండూ కాకుండా నిలబడి విప్పి చెబుతాడా? ఆయన చూసింది అది.

"నేను బమ్మెర అనే నమ్ముతాను సార్. నా కారణాలు ఇవి. ఒంటిమిట్ట అనేవారి ఆధారాలు ఇవి. పిల్లలకు రెండు వాదాలూ చెబుతాను. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలో ఏమున్నదో అది రాయమంటాను" అని ఉంటే చాలు. కమిటీలో ఒంటిమిట్ట వాస్తవ్యుడే ఉన్నా కాదనలేడు. ఏ ప్రశ్నకు రెండు జవాబులున్నాయో ఆ ప్రశ్నకు రెండూ చెప్పి, మనది ఏదో చెప్పాలి. అడిగినవాడి మొహం చూసి జవాబు మార్చేవాడు రేపు పిల్లల తండ్రుల మొహం చూసి మార్కులు కూడా మారుస్తాడని ఏ కమిటీకైనా అనుమానం వస్తుంది.

రెండవ ఉత్తరం మహబూబాబాదు నుంచి. మానుకోట అంటేనే మా తరంవారికి నోటికి ఇంపు. రాసినది ఒక అమ్మాయి. మానుకోట దగ్గర తండాలో పుట్టింది. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలీ. తండాలో మొట్టమొదట డిగ్రీ చదివిన ఆడపిల్ల. తెలుగు పండిత శిక్షణ కూడా పూర్తిచేసింది. ఒక ప్రైవేటు హైస్కూలులో అడిగిన ప్రశ్నలు రెండు రాసింది. ఒకటి: "మీ ఇంట్లో తెలుగే మాట్లాడరు కదా, తెలుగేం చెబుతారు?" రెండు: "పెళ్లెప్పుడు?" మొదటిదానికి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయట. రెండవదానికి కోపం వచ్చిందట. రెంటికీ జవాబు చెప్పకుండానే నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఈ ఉత్తరం చదివాక నేను రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. ఎందుకంటే మొదటి ప్రశ్న ఒకప్పుడు నేనే అడిగాను.

పది పన్నెండేళ్లయింది. ఒక కాలేజీవారు తెలుగు లెక్చరర్ కోసం ఇంటర్వ్యూ పెట్టి, సబ్జెక్టు తెలిసినవాడు ఉండాలని నన్ను పిలిచారు. అటువైపు కుర్చీలో కూర్చోవడం నాకదే మొదలు. మంచినీళ్ల గ్లాసు, కాగితాల మీద బరువుగా పెట్టిన గాజు గుండు, పక్కన ప్రిన్సిపాలు. నాకు నేను కాస్త పెద్దవాణ్ణయినట్టు తోచింది. అభ్యర్థులు ముగ్గురు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. అబ్బాయిలను ఛందస్సు అడిగాను, ప్రబంధాలు అడిగాను. అమ్మాయి దరఖాస్తులో తండా పేరు చూసి ఛందస్సు సంగతి మరిచిపోయాను. "ఏమ్మా, మీ ఇంట్లో లంబాడీ మాట్లాడతారు కదా, తెలుగు పిల్లలకు తెలుగు ఎట్లా చెబుతావు?" అన్నాను. అబ్బాయిలను 'మీరు' అన్నవాణ్ణి ఆమెను 'నువ్వు' అన్నాను. అది ఆనాడు నాకు తెలియనైనా తెలియలేదు.

ఆమె తొణకలేదు. "సార్, మీరు తెలుగు మీ అమ్మ దగ్గర నేర్చుకున్నరు. ఎట్లా నేర్చుకున్నరో మీకు గుర్తుండదు. నేను బడిలో ఒక్కొక్క మాట నేర్చుకున్న. ఎక్కడ కష్టమో నాకు గుర్తుంది. నాలాంటి పిల్లలు తరగతిలో పదిమంది ఉంటే వాళ్లకు మీకంటె నేనే బాగా చెప్పగలుగుత" అన్నది.

నేను కాగితం మీద "ఎదురు సమాధానం" అని రాసి, మార్కులు తగ్గించాను. ఆమెకు ఉద్యోగం రాలేదు.

మరుసటి ఏడే నా తరగతిలో తండా నుంచి వచ్చిన కుర్రవాడొకడు క్రియాపదాల్లో పదే పదే తప్పులు రాస్తుండేవాడు. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, వర్షం వచ్చింది. తెలుగులో అన్నింటికీ ఒకటే 'వచ్చింది'. గోర్ బోలీ ఉత్తరాది భాషల కుటుంబంలోది. అందులో ప్రాణంలేని వస్తువుకు కూడా ఆడ, మగ భేదం ఉంటుంది. ఆ భేదం తెలుగులో వెతుక్కుని తికమకపడుతున్నాడు వాడు. ఈ సంగతి నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ వాణ్ణి మొద్దబ్బాయి అనే అనుకున్నాను. ఆ అమ్మాయి అయితే నాలుగు నిమిషాల్లో కనిపెట్టి ఉండేది. నేను తగ్గించిన మార్కులు ఆమెవి. వాటి నష్టం మాత్రం ఆ పిల్లవాడు భరించాడు.

చెల్లెమ్మా, అందుచేత నీకు జవాబు నేను చెప్పడం కంటె ఆమె చెప్పిన జవాబే నీకు అందిస్తున్నాను. అది ఎదురు సమాధానం కాదు, సరైన సమాధానం. ఇంకొక్క మాట మాత్రం కలుపుకో. మీ జిల్లాలోనే చిన్నగూడూరు ఉంది. దాశరథి కృష్ణమాచార్య పుట్టిన ఊరు అది. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో పెరిగి, గాలిబ్ గీతాలను తెలుగులోకి తెచ్చి, 1974లో 'తిమిరంతో సమరం'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారాయన. రెండు భాషలు వచ్చినవాడికి తెలుగు తగ్గుతుందని ఎవరైనా అంటే ఆయన్ను చూపించు. 2018లో మన రాష్ట్రం అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పడం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అంటే ఇంట్లో ఉర్దూ, మరాఠీ, హిందీ, గోర్ బోలీ మాట్లాడే పిల్లలు కూడా తెలుగు తరగతిలోకి వస్తారు. వారికి తెలుగు చెప్పే విద్య తెలిసిన పంతులమ్మ అవసరం ఆ బడికి ఉంది. ఈ మాట మెత్తగా, నవ్వుతూ చెప్పు. కన్నీళ్లు వద్దు. అవి అడిగినవాడికి రావలసినవి.

ఇక పెళ్లి ప్రశ్న. ఇది అడగకూడని ప్రశ్న. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడూ అదే చెబుతుంది. కాని చట్టం వల్లె వేస్తే ఆ గదిలో పని జరగదు. ఆ ప్రశ్న వెనుక మేనేజిమెంటువారి భయమొకటి ఉంది: ఏడాది మధ్యలో ఈమె వెళ్లిపోతే పదో తరగతి ఏమవుతుంది? ఆ భయానికి జవాబు చెప్పు, పెళ్లికి చెప్పకు. "అది మా ఇంటి సంగతి సార్. బడి సంగతి అడిగితే, సెలవు కావలసివస్తే ముందుగా చెబుతాను, పాఠాలు వెనకబడనివ్వను" అంటే చాలు. అంతటితో ఆగక మళ్లీ మళ్లీ అదే అడిగితే, ఆ బడిలో రేపు ఇంకేమేమి అడుగుతారో ఊహించుకుని, ఇప్పుడు చేసినట్టే నమస్కారం పెట్టి వచ్చేయి. ఆ నమస్కారంలో తప్పేమీ లేదు.

మూడవ ఉత్తరం చదువుతూ నవ్వాపుకోలేకపోయాను. రాసినాయన కూడా నవ్వుకుంటూనే రాశాడు, మంచి మనిషి. భూపాలపల్లిలో ఆరేళ్లుగా ప్రైవేటు బడుల్లో సాంఘిక శాస్త్రం చెబుతున్నాడు. 2024 డి.ఎస్.సి.లో కొద్దిలో పోయింది. ఇప్పుడు ఇంకొక బడికి మారదామని వెళ్లాడు. కరస్పాండెంటు అడిగాడు: "డి.ఎస్.సి. పడితే పోతారా?" ఈయన గుండెమీద చెయ్యి వేసుకుని, "ఛ ఛ! నాకా ఆశ లేదు సార్. మీ బడిలోనే స్థిరపడిపోతాను" అన్నాడు. కరస్పాండెంటు ఏమీ అనకుండా ఈయన దరఖాస్తు తిరగేసి, ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. సర్టిఫికెట్ల నకళ్లతో పాటు పొరపాటున జతచేసిన డి.ఎస్.సి. హాల్‌టిక్కెట్టు అది!

మిత్రమా, హాల్‌టిక్కెట్టు లేకపోయినా ఆయన నమ్మి ఉండేవాడు కాదు. బి.ఎడ్. చేసి సర్కారు కొలువు వద్దనుకునేవాడు మన మూడు జిల్లాల్లోనూ ఉండడు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ అడగడం ఎందుకంటారా? అబద్ధం ఎంత సులువుగా వస్తుందో చూడడానికి.

"విద్యా సంవత్సరం పూర్తిచేసే వెళతానని చెబితే?" అని అడిగారు మీరు. అది కూడా చెప్పకండి. 2024లో నియామక పత్రాలు ఇచ్చింది అక్టోబరు 9న. విద్యా సంవత్సరం మధ్యలో. రేపూ అట్లా జరిగితే మీరు ఏప్రిల్ దాకా ఆగుతారా? ఆగరు, ఆగనక్కరలేదు. ఉన్నమాట చెప్పండి: "పరీక్ష రాస్తాను సార్. వస్తే వెళతాను. కాని చెప్పకుండా వెళ్లను. ఎంతవరకు పాఠం అయిందో, ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో రాసిపెట్టి, కొత్తగా వచ్చినవారికి అప్పజెప్పి వెళతాను. ఉన్నన్నాళ్లూ నా తరగతి చూసి మాట్లాడండి." ఈ జవాబుతో ఉద్యోగం రాకపోవచ్చు. ఆ సంగతి మీకు దాచను. కాని అబద్ధంతో వచ్చిన ఉద్యోగంలో మీ జుట్టు వారి చేతిలో ఉంటుంది. "పోనన్నారు కదా, మీ అసలు సర్టిఫికెట్లు మా బీరువాలో పెట్టండి" అంటారు.

ఈ సర్టిఫికెట్ల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. అసలువి చూపించండి, నకళ్లు ఇవ్వండి, అసలువి అక్కడ విడిచి రాకండి. నాకు తెలిసిన ఒక పంతులు సర్టిఫికెట్ల కోసం ఒక బడి చుట్టూ ఎండాకాలమంతా తిరిగాడు. రెండు నెలల జీతం వదులుకుంటేగాని అవి చేతికి రాలేదు. "అసలువి ఇస్తేనే ఉద్యోగం" అన్నారంటే అది ఉద్యోగం కాదు, తాకట్టు.

జీతం ప్రశ్న కూడా తిరకాసుదే. "ఎంత ఆశిస్తున్నారు?" అంటే మనవాళ్లు సిగ్గుపడి, "మీ దయ సార్" అంటారు. దయకు అంకె లేదు, అది ఎప్పుడూ తక్కువ వైపే మొగ్గుతుంది. వెళ్లేముందు ఆ ఊళ్లో మీ అనుభవానికి ఎంత ఇస్తున్నారో పదిమందిని అడిగి తెలుసుకోండి. ఒక అంకె చెప్పండి. తరువాత మీరు కూడా నాలుగు ప్రశ్నలు అడగండి: రోజుకు ఎన్ని పీరియడ్లు? జీతం పది నెలలకా, పన్నెండు నెలలకా? ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా? హాస్టలు డ్యూటీ ఉందా? ఇట్లా అడిగితే కోపం వస్తుందేమోనని భయపడకండి. అడగకుండా చేరి ఆగస్టులో ఏడవడం కంటె అడిగి రాకపోవడం మేలు.

భూపాలపల్లి మిత్రుణ్ణి ఇంకొకటి కూడా అడిగారట: "ఈ జిల్లాకు జయశంకర్ సారు పేరు ఎందుకు పెట్టారు?" ఈయన, "ఇక్కడే పుట్టారు సార్" అనేశాడు. సాంఘిక శాస్త్రం చెప్పేవాడు తొందరపడి ఇట్లా అనకూడదు. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ 1934లో ఆత్మకూరు దగ్గరి అక్కంపేటలో పుట్టారు. అర్థశాస్త్రం చెప్పిన పంతులు. కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేశారు. తెలంగాణ కోసం జీవితమంతా మాట్లాడి, రాష్ట్రం రాకముందే 2011లో పోయారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గౌరవంగా ఆయన పేరు పెట్టారు. ఒక పంతులు పేరుతో జిల్లా ఉందంటే పంతులు ఉద్యోగానికి వెళ్లినవాడికి అంతకంటె చెప్పుకోదగ్గది ఏముంటుంది?

తెలియకపోతే మాత్రం "తెలియదు సార్, తెలుసుకుని చెబుతాను" అనాలి. ఈ మాటకు మన అభ్యర్థులు ప్రాణం పోయినట్టు భయపడతారు. పిల్లలముందు తెలియదు అనగలిగిన పంతులు దగ్గరే పిల్లలు నేర్చుకుంటారు. అయితే దానికో హద్దుంది. సంధులు చెప్పవలసిన తెలుగు పంతులు సంధులు తెలియవంటే, అది నిజాయితీ కాదు, బద్ధకం. మన సబ్జెక్టులో మూలసూత్రాలకు "తెలియదు" చెల్లదు. మిగతావాటికి చెల్లుతుంది.

ఇంకొక ప్రశ్న ముగ్గురినీ అడిగారు: "అల్లరి పిల్లవాణ్ణి కొట్టకుండా ఎట్లా దారికి తెస్తారు?" ఒకరు, "ప్రేమతో సార్" అన్నారు. ఇంకొకరు, "సైకాలజీతో" అన్నారు. మూడవవారు, "అవసరమైతే ఒకటి వేస్తాను" అన్నారు. మూడవ జవాబు చట్టానికి విరుద్ధం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. మొదటి రెండు జవాబులు చట్టానికి విరుద్ధం కావు కాని, వాటిలో పిల్లవాడు లేడు. పిల్లవాణ్ణి చూపించండి. "నా తరగతిలో ఒకడు రోజూ మొదటి పీరియడులో నిద్రపోయేవాడు. నాలుగు రోజులు కోప్పడ్డాను. అయిదో రోజు కనుక్కుంటే, వాళ్ల నాయిన బాయిమీద రాత్రి డ్యూటీకి పోతాడు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అమ్మకు తోడు వీడే మేలుకుంటాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు తుడిచే పని వాడికి అప్పజెప్పాను. నిద్ర కొంత తగ్గింది" అని మీ అనుభవంలోనిది ఒక్కటి చెప్పండి. సింగరేణి గనుల ఊళ్లో ఇది అర్థంకాని కమిటీ ఉండదు. అనుభవం లేని కొత్తవారు, బి.ఎడ్.లో బోధనాభ్యాసానికి వెళ్లిన బడిలో చూసినది చెప్పవచ్చు. కల్పించి మాత్రం చెప్పకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పాఠం చెప్పి చూపించమన్నప్పుడు కూడా ఇంతే. ఎదుట కూర్చున్న ముగ్గురు పెద్దలకు పాఠం చెప్పకండి, వారికి అది వచ్చు. వారి వెనుక నలభైమంది పిల్లలున్నారనుకుని చెప్పండి. సుద్దముక్కతో బోర్డుమీద నాలుగు మాటలు రాసినా ఆఖరి బెంచీకి కనిపించేటట్టు రాయండి. పది నిమిషాల్లో కవి పుట్టుక నుంచి బిరుదుల దాకా అంతా కుక్కవద్దు. ఒక్క పద్యం, అందులో ఒక్క మాట పిల్లవాడి మనసుకు ఎక్కితే చాలు.

'అడిగేవాడికి చెప్పేవాడు లోకువ' అని సామెత. ఇంటర్వ్యూ గదిలో అది నిజమే అనిపిస్తుంది. కుర్చీ వారిది, ఉద్యోగం వారిచేతిలోది. కాని పంతులు పని సంగతి వేరు. రేపటినుంచి రోజుకు ఆరు పీరియడ్లు మనం అడిగేవాళ్లం, చెప్పేవాళ్లు చిన్నపిల్లలు. వాళ్లను లోకువ చేస్తామా లేదా అన్నదే ఈ ఉద్యోగానికి అసలు పరీక్ష. ఆ కుర్చీలో కూర్చునే పెద్దలకు కూడా నా మనవి ఇదే. అభ్యర్థి ఇల్లు, కులం, తండా, పెళ్లి అడగకండి. వచ్చినవారికి ఏమి తెలియదో పట్టుకోవడానికి కాదు, ఏమి తెలుసో బయటికి తీయడానికి అడగండి. నేను ఒకసారి తప్పు అడిగాను. ఆ అమ్మాయి ఈ పేజీ చదువుతూ ఉంటే, ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను: ఆనాడు ఆ గదిలో ఫెయిలైనది ఆమె కాదు.

జనగామ తమ్ముడూ, ఒకసారి బమ్మెర వెళ్లి ఆ పొలాల గట్లమీద నడిచి రా. ఈసారి ఎవరు నవ్వినా మాట మార్చవు. మానుకోట చెల్లెమ్మా, ఇంకో బడికి దరఖాస్తు పెట్టు. భూపాలపల్లి మిత్రమా, దరఖాస్తుకు ఏమేమి జతచేశారో పంపేముందు ఒకసారి చూసుకోండి. ముగ్గురూ ఉద్యోగాల్లో చేరాక ఒక కార్డు ముక్క రాయండి.